ఎర్ర రంగులో సువార్తమ్మ నంబరు

అది 2023 ఆగస్టు. అయిజ బస్టాండు పక్క సందులో నాకు సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. రీచార్జీలు, కొత్త సిమ్ములు, పగిలిన డిస్‌ప్లేలు మార్చడం, చార్జింగు ఎక్కని ఫోన్లు బాగుచేయడం నా పని. కర్నూలులో ఆరు నెలలు నేర్చుకొచ్చి పెట్టాను. మొదట్లో ఆడమనిషి స్క్రూడ్రైవరు పట్టిందట, చూసొద్దామని వచ్చేవాళ్లు కొందరు. ఆ ముచ్చట ఎప్పుడో తీరిపోయింది. ఆడవాళ్లు మాత్రం ఇప్పటికీ నా దగ్గరికే వస్తారు. లాక్ తీసిన ఫోన్‌ను మగవాడి చేతిలో పెట్టాలంటే వాళ్లకు బెరుకు. ఆ బెరుకు వల్లే నా దుకాణం నడుస్తోంది కాబట్టి నేనేమీ అనను.

ఫోన్ల మీద బతికేదాన్ని ఫోన్ల మీద విసుక్కోకూడదు గానీ, విసుగొస్తుంది. ఇది కొనేవాడి కాలం. ఆన్‌లైన్‌లో దువ్వెన కొన్నవాడికి కూడా అయిదు చుక్కలిచ్చి మెచ్చుకునే హక్కు, ఒక్క చుక్కతో పరువు తీసే హక్కు ఉన్నాయి. నా దుకాణానికి ఎవరో ఒక్క చుక్క ఇచ్చి, ఫ్యాను తిరగలేదని రాశాడు. ఆ రోజు ఊరంతా కరెంటు లేదు. ఇలాంటివి నవ్వి వదిలేసేదాన్ని. సువార్తమ్మ విషయం చూశాక అలా వదిలేయలేకపోతున్నాను.

సువార్తమ్మది అయిజ పక్క పల్లె. యాభై దాటిన మనిషి. ఆమె ముఠా మేస్త్రి, అంటే పది పదిహేను మంది ఆడకూలీలను కూడగట్టి రైతుల చేలకు తీసుకుపోయే మనిషి. మా వైపు సీడు పత్తి ఎక్కువ, విత్తనం కోసమే వేసే పంట అది. దానికి క్రాసింగ్ చేయాలి. సాయంత్రం మొగ్గ ఒలిచి మగ భాగం తీసేయాలి, మర్నాడు పొద్దున దానికి వేరే మొక్క పుప్పొడి అద్దాలి. ఒక్క పూట తప్పినా ఆ పువ్వు పోయినట్టే. అందుకని క్రాసింగ్ జరిగే రెండు నెలలూ రైతులు రోజూ మేస్త్రికి ఫోన్ చేసి రేపటికి మనుషులను ఖాయం చేసుకుంటారు. మేస్త్రికి ఫోన్ లేకపోతే ముఠాకు పని లేదు.

ఆమె ఒక మధ్యాహ్నం వచ్చి చిన్న బటన్ల ఫోను నా ముందు పెట్టింది. పనుల కాలంలో మధ్యాహ్నం పూట ఆమె అయిజలో కనబడటమే వింత.

"బిడ్డా, దీనికి ఏందో రోగం బట్టింది. నేను జేస్తే రైతులు ఎవ్వరు ఎత్తుతలేరు. నాకేమో దినమంతా ఎవరెవరో జేస్తుండ్రు. జర సూడు."

మైకు చూశాను, స్పీకరు చూశాను, సిగ్నలు చూశాను. అన్నీ బాగున్నాయి. నాకు ఫోన్ చేయమన్నాను. చేసింది. నా ఫోన్ తెర నిండా ఎర్రరంగు వచ్చింది. ఆమె పేరు ఉండాల్సిన చోట 'వాషింగ్ మెషిన్ కస్టమర్ కేర్, ఫ్రాడ్' అని ఉంది. వందల మంది ఫిర్యాదు చేశారని కింద చిన్న అక్షరాలు.

అది కాలర్ ఐడీ యాప్ పని. తెలియని నంబరు నుంచి ఫోన్ వస్తే, ఆ నంబరును ఇతరులు ఏ పేరుతో దాచుకున్నారో, ఏమని తిట్టారో చూసి ఒక పేరు తగిలిస్తుంది. మోసగాళ్ల నుంచి కాపాడుతుందని మా వైపు స్మార్ట్‌ఫోన్ ఉన్న ప్రతివాడూ దాన్ని వేసుకున్నాడు. చాలామందికి నేనే వేసిచ్చాను. మంచి యాపే. తప్పుడు పేరు పడిన మనిషికి మాత్రం ఆ సంగతి ఎవరూ చెప్పరు. ఆమెది బటన్ల ఫోను, తన మీద ఏ రంగు పడిందో ఆమెకు కనబడదు.

"పెద్దమ్మా, ఈ నంబరు ఎప్పుడు తీసుకున్నవ్?" అని అడిగాను.

వేసవి చివర్లో కాలువ దాటుతుంటే పాత ఫోను నీళ్లలో పడిందట. ఆ సిమ్ భర్త పేరు మీద ఉంది. అదే నంబరు మళ్లీ కావాలంటే పేరున్న మనిషే రావాలన్నారు. ఆయన సమాధిలో ఉన్నాడు. చేసేదిలేక సంతలో గొడుగు కింద సిమ్ములు అమ్మేవాళ్ల దగ్గర కొత్తది తీసుకుంది. చేను చేనుకూ తిరిగి రైతులకు నంబరు చెప్పుకుంది. వాళ్లు కాగితాల మీద రాసుకున్నారు గానీ ఫోన్లలో ఆమె పేరుతో దాచుకోలేదు.

అప్పుడు నాకు అర్థమైంది. ఒక నంబరు కొన్నాళ్లు వాడకుండా పడి ఉంటే కంపెనీ దాన్ని తీసేసి, కొంతకాలానికి వేరేవాళ్లకు ఇస్తుంది. మా వ్యాపారంలో రీసైకిల్డ్ నంబరు అంటాం. ఖాళీ అయిన కిరాయి ఇంట్లోకి మనం దిగితే పాత వాళ్ల చుట్టాలు వచ్చి తలుపు కొట్టినట్టు, పాత మనిషికి రావలసిన ఫోన్లన్నీ కొత్త మనిషికి వస్తాయి. ఇంటర్నెట్‌లో నంబరు కొట్టి వెతికితే మ్యాపులో ఒక చిరునామా దొరికింది. వనపర్తిలో వాషింగ్ మెషిన్ల సర్వీస్ సెంటర్. బోర్డు ఫొటో, దాని కింద ఈ నంబరు.

"వాళ్లు ఫోన్ జేస్తే నువ్వేమంటవు పెద్దమ్మా?"

"ఏమంట? బట్టలు విండే మిషన్ తిరుగుతలేదు, మనిషిని తోలమంటరు. హిందీల మాట్లాడితె హిందీలనే చెప్త. పుణెల బిల్డింగు పనికి పోయినప్పుడు నేర్సుకున్న గద. ఇప్పుడు మనుషులు లేరు, రెండు దినాలు ఆగుండ్రి అంట."

"వాళ్లు రైతులు కాదని తెలుసు కదా? మాది కంపెనీ కాదు అని చెప్పొచ్చు కదా?"

"తెల్సు. గని పనికని ఫోన్ జేసినోన్ని లేదని ఎట్ల పంపుత బిడ్డా? మా తాన గట్ల అనరు. లేదన్న మేస్త్రికి మళ్లొక్కసారి ఎవ్వరు ఫోన్ జెయ్యరు. రెండు దినాలాగు అంటె వాళ్లే ఇంకొగర్ని సూసుకుంటరు. ఎవరి మనసు నొయ్యదు."

ముఠా మేస్త్రులందరి మర్యాదా అదే. రైతుకు ఆ మాట అర్థమవుతుంది. 'రెండు దినాలాగు' అంటే 'నావల్ల కాదు, వేరేవాళ్లను చూసుకో' అని. నగరంలో వాషింగ్ మెషిన్ కొన్నవాడికి ఆ మర్యాద తెలియదు. అతను నిజంగానే రెండు రోజులు ఎదురుచూశాడు. మనిషి రాలేదు. మళ్లీ ఫోన్ చేశాడు. మళ్లీ అంతే తియ్యగా రెండు రోజులాగమంది. అతను ఫ్రాడ్ అని రాశాడు.

ఇంకా వెతికితే వినియోగదారుల ఫిర్యాదులు పెట్టే ఒక సైటు దొరికింది. అక్కడ ఈ నంబరు మీద ఏడెనిమిది రాతలు ఇంగ్లీషులో ఉన్నాయి. ఒకాయన రాసింది తెలుగులో చదివి వినిపించాను. 'ఒక ఆవిడ చాలా తియ్యగా మాట్లాడుతుంది, ప్రతిసారీ రెండు రోజులంటుంది, పెద్ద ముఠా ఇది, నమ్మకండి.'

తియ్యగా అన్నప్పుడు సువార్తమ్మ నవ్వింది. మొత్తం విన్నాక నవ్వు పోయింది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నోరు మంచిదైనందుకే ఆమె మోసగత్తె అయింది.

"గివన్ని అందరు సదువుతరా?"

"చదువుతరు."

"భీమన్న గూడ సదివిండేమో. అందుకే ఎత్తుతలేడు."

భీమన్న ఆమె ముఠాకు ఏళ్ల తరబడి పని ఇస్తున్న రైతు. ఆ సాయంత్రమే అతని ఇంటికి వెళ్లి అడిగిందట. మర్నాడు వచ్చి నాకు చెప్పింది. "ఏందో పైసలు ముంచే కంపెనీల జేరినవంట, మా పిలగాండ్లు ఫోన్ల సూసిండ్రు అని అన్నడు బిడ్డా. నాకు నమ్మబుద్ది కాలె గని ఎందుకొచ్చిన లొల్లి అని రాయచూరు దిక్కోళ్లను పిలిపిచ్చుకున్న అన్నడు. నేను ఏమని చెప్పాలె? నాకే తెల్వనిది."

అప్పటికే ఆమె ముఠాలో కొందరు పక్క ఊరి మేస్త్రితో పోవడం మొదలుపెట్టారు. వాళ్లను అనడానికి లేదు, వాళ్లకు పొట్టలున్నాయి. ఒకసారి చెదిరిన ముఠా మళ్లీ కూడదు. నాకు చాలా కోపం వచ్చింది. ఎవరి మీద చూపించాలో తెలియని కోపం అది.

నంబరు మార్చేద్దామన్నాను. అదే తేలిక. ఆమె ఒప్పుకోలేదు.

"తప్పు జెయ్యనిదాన్ని నేను మార్సుకోవాల్నా? మారిస్తె నిజంగనే మోసం జేసి సిమ్ము పారేసిందంటరు. రైతులందరి తాన గిదే ఉన్నది, బ్యాంకుల గిదే ఉన్నది. ఉండనీ. దీన్నే సక్కగ జెయ్యి."

సరే అన్నాను. అలా అనడం ఎంత తేలికో అంత కష్టం అయింది పని. ముందు ఆ ఫిర్యాదుల సైటుకు రాయబోయాను. రాయాలంటే మొదట ఒక గడి నింపాలి. మీరు వినియోగదారులా, కంపెనీ ప్రతినిధులా అని రెండే ఉన్నాయి. మూడోది లేదు. నేను ఆమెకు చెప్పాను.

"ఈ రెంట్ల నేనెవరు బిడ్డా?" అంది.

రెండూ నొక్కి చూశాను. కంపెనీ అని నొక్కితే అబద్ధం, వినియోగదారు అని నొక్కితే వస్తువు బిల్లు అడుగుతోంది. ఆమె ఏమీ కొనలేదు, ఏమీ అమ్మలేదు. వినియోగదారుల హక్కుల గురించి అంత పెద్ద సైటు కట్టినవాళ్లకు, ఆ హక్కుల కింద పడి నలిగే మూడో మనిషి ఒకరు ఉండొచ్చని తోచలేదు.

తరువాత ఆ వాషింగ్ మెషిన్ కంపెనీ అసలు కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి స్పీకరు పెట్టాను. ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అని చాలాసేపు నడిచింది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. చివరికి ఒక అబ్బాయి లైనులోకి వచ్చాడు. విషయమంతా చెప్పాను. మర్యాదగా విన్నాడు.

"మీ మిషన్ సీరియల్ నంబరు చెప్పండి మేడమ్."

"మాకు మిషన్ లేదు బాబూ."

"సీరియల్ నంబరు లేకుండా కంప్లయింటు నమోదు కాదు మేడమ్."

సువార్తమ్మ ఫోన్ మీదికి వంగింది. "అయితె మిషన్ కొంటెనే మా మాట ఇంటరా కొడుకా?"

ఆ అబ్బాయి గొంతు తగ్గించాడు. సారీ అమ్మా, నా చేతుల్లో లేదు అన్నాడు. అది నిజమే అయ్యుంటుంది. ఫోన్ పెట్టేశాక అతని సేవకు మార్కులివ్వమని మెసేజ్ వచ్చింది. నేను విసురుగా తీసేయబోతుంటే ఆమె ఆపింది.

"ఎంత ఇయ్యాలంట?"

"ఒకటి నుంచి అయిదు దాకా."

"అయిదు ఇయ్యి. పిలగాడు మంచిగనే మాట్లాడిండు."

అయిదే ఇచ్చాను. ఆమె మీద వందల మంది రాసింది ఆమె కళ్లముందే ఉంది, అయినా ఆ మాట అనగలిగింది. నేనైతే అనలేను.

ఇక మిగిలింది మ్యాపులోని చిరునామా. దుకాణం మూతపడిందని రెండుసార్లు రాశాను. పరిశీలించాం, నిర్ధారించలేకపోయాం అని జవాబు వచ్చింది. ఆ చిరునామాను పెట్టిన యజమాని అయితే ఒక్క నొక్కుతో తీసేయగలడు. బోర్డు ఫొటోలో పక్కనే ఒక మందుల దుకాణం కనబడింది. నా దుకాణానికి తాళం వేసి, ఆమెను తీసుకుని గద్వాలలో బస్సు మారి, కృష్ణ దాటి పెబ్బేరు మీదుగా వనపర్తి వెళ్లాను. మందుల దుకాణం ఫొటోలో ఉన్నట్టే ఉంది. సర్వీస్ సెంటర్ ఉన్నచోట చెప్పులమ్ముతున్నారు. మందుల దుకాణం వాళ్లే చెప్పారు, ఆ సెంటర్ నడిపిన రఫీ ఇప్పుడు వెనక వీధిలో మోటార్లకు వైండింగు చేస్తున్నాడని.

రఫీ నలభై ఏళ్ల మనిషి. చేతులకు నల్లటి గ్రీజు. మేం చెప్పింది విని తల అడ్డంగా ఊపాడు.

"నాకు ఆ కంపెనీతోని ఏం సంబంధం లేదమ్మా. ఏజెన్సీ తీసేసిండ్రు, దుకాణం బంద్ వెట్టిన, సిమ్ము గూడ పారేసిన. మ్యాపుల ఉన్నదంటె ఉండనియ్యి, నాకేం నష్టం?"

"నష్టం నీకు గాదు భాయ్, నాకు," అంది సువార్తమ్మ.

ఆ మాటకు కొంచెం తగ్గాడు. కానీ మెయిల్ పాస్‌వర్డ్ మరిచిపోయాడు. ఇంట్లోంచి పాత లాప్‌టాప్ తెప్పించాడు. పాస్‌వర్డ్ మరిచాను అని నేను నొక్కితే, మీ ఫోన్ నంబరుకు కోడ్ పంపుతున్నాం అని వచ్చింది. మరుక్షణం సువార్తమ్మ సంచీలోని ఫోను మోగింది.

ముగ్గురం ఆ సంచీ వైపు చూశాం. పారేసిన నంబరే అతని మెయిలుకు తాళం చెవి, ఇన్నాళ్లూ అది ఆమె దగ్గరే ఉంది. పాత నంబరు వదిలేసేముందు మెయిలుకూ బ్యాంకుకూ కొత్తది ఇవ్వాలని మేం అందరికీ చెబుతాం. నూటికి తొంభై మంది వినరు. రఫీ బ్యాంకులో మార్చుకున్నాడు, మెయిలులో మరిచాడు. అతని ముఖం తెల్లబోయింది.

"అమ్మా, నా మెసేజ్‌లు ఇంక ఏమేం వస్తున్నయి నీకు?"

"అంకెలొస్తె చెరిపేసిన భాయ్. తెలుగుల వచ్చినయి సదివిన, బైబిలు సదివే అలవాటున్నది గద. మీ పిలగాడు ఇయ్యాల బడికి రాలేదు అని మస్తుసార్లు వచ్చింది. మా ఇంట్ల బడికి పోయేటోళ్లు లేరు. ఎవరి కొడుకో, రోజు బడి ఎగ్గొడ్తుండు, తల్లిదండ్రులకు తెల్వదేమో పాపం అనుకున్న."

రఫీ తల పట్టుకున్నాడు. నాకు నవ్వాగలేదు. ఆ తరువాత పని చకచకా అయింది. అతనే మ్యాపులో చిరునామా తీసేశాడు, నంబరు ఉన్న ప్రతి చోటా మార్చుకున్నాడు. వద్దన్నా వినకుండా చాయ్ తెప్పించాడు. నువ్వు కాక ఇంకెవరి చేతిలోనైనా పడి ఉంటే నేను మునిగిపోదును అమ్మా అన్నాడు. నిజమే. ఆ నంబరుతో నిజంగా మోసం చేయదలచుకుంటే ఆమెకు అన్ని దారులూ తెరిచే ఉన్నాయి.

వాషింగ్ మెషిన్ల కోసం ఆమెకు ఫోన్లు రావడం తగ్గింది. ఎర్రరంగు మాత్రం పోలేదు. తీసేయమని యాప్ వాళ్లకు రాస్తే తీసేశారు. నాలుగు రోజులకు పాత ఫిర్యాదుల లెక్కతో మళ్లీ వచ్చింది. ఎక్కువమంది ఏది చెబితే దానికి అదే నిజం. ఆ మాట నేను సువార్తమ్మతో అంటే ఆమె వెళ్లి వాళ్ల పాస్టరు గారికి చెప్పింది. వాళ్ల చర్చిలో సాక్ష్యం చెప్పే ఆనవాయితీ ఉంది. దేవుడు తనకు చేసిన మేలు గురించి ఒకరు నిలబడి అందరిముందు చెబుతారు. వచ్చే ఆదివారం నన్ను కూడా రమ్మన్నారు.

ప్రార్థన అయ్యాక పాస్టరు గారు అన్నారు. "ఇయ్యాల సువార్తమ్మ కోసం మనం సాక్ష్యం చెప్పాలె. నోటితోని గాదు, ఫోన్ల చెప్పాలె. లతమ్మ చూపిస్తది," అని నా వైపు చెయ్యి చూపారు.

నేను హిందువును. చర్చిలో నిలబడి ఫోన్ ఎత్తి పట్టుకుని, ఇక్కడ నొక్కండి, ఇప్పుడు పేరు రాయండి అని చెబుతానని ఎన్నడూ అనుకోలేదు. పొలం నుంచి వచ్చిన మగవాళ్లు, ఇంటర్ చదివే ఆడపిల్లలు, అరువు ఫోను పట్టుకొచ్చిన ముసలమ్మలు, ఒక్కొక్కరే 'స్పామ్ కాదు' అని నొక్కారు. ఏ పేరు రాయాలని ఆమెనే అడిగాను. "సువార్తమ్మ, ముఠా మేస్త్రి" అంది. ముఠా వదిలి పోయిన ఆడవాళ్లు కూడా అక్కడ ఉన్నారు. వాళ్లూ రాశారు. ఆమెను మోసగత్తె అన్నవాళ్లెవరూ ఆమెను చూడలేదు. ఆమెను ఎరిగినవాళ్లను అప్పటిదాకా ఎవరూ అడగలేదు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి, దాచుకోలేదు.

రంగు మారడానికి ఇంకా కొన్ని వారాలు పట్టింది. ఆ లోపు క్రాసింగ్ అయిపోయింది. ఆ ఏడు ఆమె ముఠాకు సీడు పత్తిలో సగం పని కూడా దొరకలేదు. ఆ నష్టానికి బాధ్యులెవరో ఏ సైటులోనూ అడిగే చోటు లేదు. ఫిర్యాదుల సైటులో ఆ రాతలు ఇప్పటికీ ఉన్నాయి, నేను రాసిన మెయిళ్లకు జవాబు రాలేదు. ఆ తరువాత నేను సిమ్ అమ్మేముందు ఆ నంబరును ఇంటర్నెట్‌లో వెతికి చూసిగానీ చేతికివ్వడం లేదు. ఇంతసేపు చేస్తావేమని విసుక్కునేవాళ్లు ఉన్నారు. విసుక్కోనీ.

పేరు సరిగా వచ్చిన రోజు ఆమె నా దుకాణంలోనే ఉంది. నా తెర మీద చూపించాను. చదువుకుని, అక్కడి నుంచే భీమన్నకు ఫోన్ చేసింది. రెండు రింగులకే ఎత్తాడు.

"సువార్తమ్మా, నీ పేరే వడ్డది. పని కోసమా? క్రాసింగు ఒడిసిపాయె గద, ఇప్పుడేం పని లేదే."

"పనికి గాదు భీమన్నా. ఎత్తుతవా లేదా అని చేసిన. ఎత్తినవు, సాలు."

ఫోన్ పెట్టేసి, కొంగుతో తుడిచి, సంచీలో వేసుకుంది. ఫోన్‌లో ఏ భాగం చెడిందో విప్పి చూడటం నాకు ముందు నుంచీ వచ్చు. అది తెచ్చిన మనిషికి ఏం పోయిందో అడగడం ఆ ఏడు నేర్చుకున్నాను.